ఆపదలో వచ్చే బండికి డబ్బులెవరు కట్టాలి?

చిరంజీవులైన మనుమలకు, మనుమరాళ్ళకు తాత ఆశీర్వదించి రాయునది.

దసరాకు మీరు వచ్చినప్పుడు, అంబులెన్సును, ఫైరింజనును, వరద పడవను మండలంలో ఒకేచోట ఉంచి, ఆ ఖర్చు కోసం ఇంటి పన్నుతోపాటు కొంత సెస్సు, అంటే ఆ ఒక్క పనికే వాడే అదనపు పన్ను, వసూలు చేస్తే ఎట్లుంటుందని మేము రచ్చకట్ట మీద మాట్లాడుకుంటుంటే, "రైతులు అసలు పన్నే కట్టరు కదా తాతా" అని మీలో ఒకరు అడిగారు. ఆ రోజు జవాబు సరిగా చెప్పలేకపోయాను.

వ్యవసాయ ఆదాయంపై ఆదాయపు పన్ను లేదన్న మాట నిజమే. మా నాయన పట్వారీకి కట్టిన భూమి శిస్తు కూడా ఇప్పుడు లేదు. అయితే పురుగుమందు కొంటే వందకు 18 రూపాయల జీఎస్టీ, ట్రాక్టరులో పోసే డీజిలుపై వ్యాట్ మేమూ కడుతున్నాం. ఇంకొంత కట్టడానికి చాలామంది రైతులు సిద్ధమే, బండి వేళకు వస్తుందన్న నమ్మకం కలిగితే.

మీ నాన్న చిన్నప్పుడు మన గడ్డివాముకు నిప్పంటుకుంది. అప్పట్లో కరెంటు రాత్రిపూట ఇచ్చేవారు కాబట్టి మిట్టమధ్యాహ్నం బావి మోటారు నడవలేదు. ఆడవాళ్ళు తట్టలతో మన్ను చల్లారు, మేము బిందెలతో నీళ్ళు మోశాము. పట్నం నుంచి ఫైరింజను వచ్చేసరికి బూడిద మిగిలింది, పక్కనే కట్టేసిన దూడ పోయింది. వచ్చినవాళ్ళ తప్పు ఏమీ లేదు, దూరమే అంత. 2023 జులై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని ముంచినప్పుడు జనం ఇళ్ళ కప్పులెక్కి, సైనిక హెలికాప్టర్లు, పడవలు వచ్చేదాకా ఎదురుచూశారు. ఆ వానల్లోనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది.

బావిలో పడ్డ మనిషిని పైకి తీయడానికి తాడు కావాలి, తీసిన వెంటనే వైద్యం కావాలి. అందుకే అన్నీ ఒకేచోట ఉండడం నాకు నచ్చింది. కానీ కలపడం పేరుతో దగ్గరున్న బండిని పట్నానికి తీసుకుపోతారేమోనన్న భయం మాలో ఉంది, అది ఉత్త అనుమానం కాదు.

పన్ను ఎకరానికి వేయాలా, ఇంటికి వేయాలా అన్నదే అసలు పేచీ. కాలువ కింద రెండు పంటలు తీసే తరి పొలానికీ, వాన పడితేనే పత్తి మొలిచే చెలకకూ ఒకే లెక్క కట్టడం అన్యాయం. ఇంటికి వేస్తే, హైదరాబాదులో ఉండే పట్టాదారు ఏమీ కట్టడు, పాము కాటుకు భయపడుతూ రాత్రి నీళ్ళు పెట్టే కౌలు రైతు మాత్రం కట్టాలి. నా మటుకు ఇంటికి వేయడమే మేలనిపిస్తుంది, గుడిసెలకు మినహాయింపు ఇచ్చి, ఊళ్ళో ఉండని పట్టాదారుల భూమిపై వేరుగా కొంత తీసుకోవాలి.

ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా ఇప్పటికే కడుతున్నాం, అంటే పేరు చెప్పి వసూలు చేయడం మనకు కొత్త కాదు. ఈ డబ్బుకు వేరే ఖాతా ఉండాలనీ, నెలనెలా ఫోను వచ్చిన సమయం, బండి చేరిన సమయం పంచాయతీ గోడ మీద రాయాలనీ వచ్చే గ్రామసభలో అడుగుతాను.

మీ తాత