ఎండా మంచూ కలిసి వండే దుంప

బొలీవియాలో ఎల్ ఆల్టో విమానాశ్రయం సముద్రమట్టానికి 4,061 మీటర్ల ఎత్తున ఉంది. దిగి, సూట్‌కేసు లాక్కుంటూ నాలుగడుగులు వేస్తే చాలు, మూడంతస్తుల మెట్లెక్కినంత ఆయాసం వస్తుంది. అక్కడి గాలిలో ఆక్సిజన్ తక్కువని అనుకుంటాం. నిజానికి శాతం మన దగ్గర ఉన్నంతే, 21. తగ్గింది గాలి ఒత్తిడి. సముద్రమట్టంతో పోలిస్తే అది 60 శాతం దగ్గరే ఉంటుంది. కాబట్టి ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజనూ ఆ మేరకు తగ్గిపోతుంది.

ఒళ్ళు ముందుగా చేసే పని వేగంగా ఊపిరి తీయడం. దాంతో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. మూత్రపిండాలు క్షారగుణమున్న బైకార్బొనేట్‌ని మూత్రంలో వదిలించుకుని దాన్ని సరిచేస్తాయి. మొదటి రెండు రోజులూ మాటిమాటికీ బాత్‌రూమ్‌కి వెళ్ళాల్సి వస్తే టెన్షన్ పడక్కర్లేదు, ఒళ్ళు సర్దుకుంటోందన్నమాట. తలనొప్పి, వికారం మొదలైతే ‘సొరోచే’ పట్టిందని అక్కడివాళ్ళు కోకా ఆకుల టీ ఇస్తారు. ప్రాణానికి హాయిగానే ఉంటుంది గానీ విశ్రాంతిని మించిన మందు లేదు. నడక తూలేదాకా వస్తే మాత్రం కిందికి దిగిపోవాల్సిందే. ‘కొంచెం తిను, మెల్లగా నడు, ఒంటరిగా పడుకో’ అని అక్కడో సామెత. మూడోదాని సంగతి మీ ఇష్టం.

అదే గాలిలో, 3,700 మీటర్ల ఎత్తున, బొలీవియాలోనే ఒరూరో అనే ఊళ్ళో కార్నివాల్ పండగ జరుగుతుంది. బరువైన దెయ్యం ముసుగులు పెట్టుకుని నాలుగు కిలోమీటర్ల దారి పొడవునా నర్తకులు ఎగురుతూ వెళతారు. ఊరేగింపు దాదాపు 20 గంటలు సాగుతుంది. తరతరాలుగా ఆ ఎత్తున బతికినవాళ్ళ రక్తంలో హిమోగ్లోబిన్ ఎక్కువ, ఛాతీ విశాలం. చూడటానికి వెళ్ళిన మనకు చప్పట్లు కొట్టినా రొప్పు వస్తుంది.

నాకు ఇంతకన్నా వింతగా తోచేది వంటిల్లు. గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి ఎల్ ఆల్టో పక్కనే ఉన్న లాపాజ్ నగరంలో నీళ్ళు దాదాపు 88 డిగ్రీలకే మరుగుతాయి. కుండలో నీళ్ళు తెర్లుతూనే ఉంటాయి, దుంప మాత్రం ఉడకదు. కుక్కర్ లేకుండా అక్కడ కందిపప్పు వండాలంటే పూట గడిచిపోతుంది.

కుక్కర్లు లేని కాలంలోనే ఆండీస్ పర్వతాల నడుమ ఉన్న ఆ పీఠభూమి రైతులు చలిని పనిలో పెట్టుకున్నారు. జూన్, జూలై అక్కడ చలికాలం. చిన్న బంగాళాదుంపల్ని రాత్రి ఆరుబయట గడ్డిమీద పరుస్తారు. గడ్డకట్టిన నీరు లోపలి కణాల గోడల్ని చీల్చేస్తుంది. పగలు ఎండకు మంచు కరిగాక ఇంటిల్లిపాదీ వాటిని ఉత్తకాళ్ళతో తొక్కుతారు. నీరు కారిపోతుంది, తొక్క ఊడిపోతుంది. ఇలా కొన్ని రోజులు చేసి ఆరబెడితే నల్లగా, గులకరాయిలా, చేతికి బరువే తెలియని ‘చూన్యో’ తయారవుతుంది. మన వడియాలకి ఎండ ఒక్కటీ చాలు, దీనికి రాత్రి మంచు కూడా కావాలి. ఇన్‌స్టంట్ కాఫీని ఎండబెట్టే ఫ్రీజ్ డ్రైయింగ్‌కి ఇది దగ్గరి చుట్టం. పచ్చిగా తినలేని చేదు రకాల్లోని విషపదార్థాలు కూడా చాలావరకు ఇలాగే పోతాయి. ఏళ్ళ తరబడి పాడవదు.

లాపాజ్ సంతలో ‘చైరో’ అనే మాంసం చారులో చూన్యో వేసి ఇస్తారు. కొరికితే స్పాంజిలా ఉంటుంది, కాస్త మట్టి వాసన. వేడివేడిగా తాగెయ్యాలి, ఎందుకంటే పొయ్యి మీద ఉన్నప్పుడే దాని వేడి 88 డిగ్రీలు.