నోటీసు బోర్డు మీద పెళ్లి: 30 రోజుల గడువు వెనక ఉన్న చరిత్ర

వేర్వేరు మతాలకు చెందిన ఇద్దరు, ఎవరి మతంలో వాళ్లు ఉంటూనే పెళ్లి చేసుకోవాలంటే మన దేశంలో ప్రధానంగా ఉన్న దారి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. జనం మాటల్లో చెప్పాలంటే రిజిస్టర్ మ్యారేజ్. పురోహితుడు, ఖాజీ, పాస్టర్ ఎవరూ అక్కర్లేదు. ముగ్గురు సాక్షులుంటే చాలు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలతో పెళ్లి అయిపోతుంది.

వినడానికి సులువుగానే ఉంది. ఆ సంతకాల దాకా వెళ్లడమే కష్టం. ముందుగా ఇద్దరూ కలిసి నోటీసు ఇవ్వాలి. అప్పటికి ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో కనీసం 30 రోజులుగా ఉంటూ ఉండాలి. ఆ నోటీసులో పేర్లు, వయసు, చేసే పని, ఇంటి అడ్రసు అన్నీ ఉంటాయి. దాన్ని ఒక పుస్తకంలో ఎక్కిస్తారు. ఆ పుస్తకాన్ని ఎవరైనా వచ్చి, పైసా కట్టకుండా తిరగేయొచ్చు. ఒక కాపీని ఆఫీసులో అందరికీ కనబడే చోట అంటిస్తారు. సొంత ఊరు వేరే జిల్లాలో ఉంటే అక్కడి ఆఫీసుకూ ఒక కాపీ పంపి, అక్కడా అంటిస్తారు. ఆ తర్వాత 30 రోజులు ఆగాలి. ఈలోపు ఎవరైనా, జంటతో ఏ చుట్టరికమూ లేనివాళ్లైనా సరే, అభ్యంతరం చెప్పొచ్చు.

అభ్యంతరానికి చట్టం ఒప్పుకునే కారణాలు కొన్నే. ఒకరికి ఇంతకుముందే పెళ్లయి భర్తో భార్యో బతికుండటం, వయసు చాలకపోవడం, సమ్మతి ఇవ్వగల మానసిక స్థితి లేకపోవడం, పెళ్లికి కుదరని దగ్గరి బంధుత్వం. తల్లిదండ్రులకు ఇష్టం లేదన్నది కారణం కాదు, మతం వేరన్నది అసలే కాదు. కానీ నోటీసు చేసే నష్టం అభ్యంతరం దాకా వెళ్లనే అక్కర్లేదు. ఇంట్లో చెప్పకుండా వచ్చిన అమ్మాయి అడ్రసు గోడకెక్కితే ఆ కబురు ఇంటికి చేరడానికి ఎంతసేపు పడుతుంది? ఆ నెల రోజుల్లో ఏం జరుగుతుందన్నదే అసలు భయం.

ఈ నిబంధన ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని వెతుక్కుంటూ వెళ్తే దారి 1860ల కలకత్తాకు తీసుకెళ్తుంది. దాని మూలం అంతకన్నా దూరాన, ఇంగ్లండు చర్చిల్లో ఉంది. అక్కడ పెళ్లికి ముందు మూడు ఆదివారాలు వధూవరుల పేర్లు చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని అడిగేవారు. మన తెలుగు చర్చిల్లోనూ ఈ అలవాటు ఇప్పటికీ ఉంది. దొంగచాటు పెళ్లిళ్లను ఆపడానికి 1753లో ఇంగ్లండు ఈ పద్ధతిని చట్టంతో బిగించింది. 1836లో మతంతో పనిలేని సివిల్ పెళ్లిని తెచ్చినప్పుడు పాస్టర్ ప్రకటన స్థానంలో రిజిస్ట్రార్ నోటీసు వచ్చింది. ఊళ్లో అందరూ అందరికీ తెలిసిన రోజుల్లో, గుర్తింపు కార్డులు లేని కాలంలో, ఒక మనిషికి ముందే పెళ్లయిందో లేదో తెలుసుకోవాలంటే ఊరిని అడగడమే మార్గం.

కలకత్తాలో సమస్య వేరు. కేశవచంద్ర సేన్ నాయకత్వంలోని బ్రహ్మసమాజ యువకులు విగ్రహారాధన లేకుండా, కులం చూడకుండా పెళ్లిళ్లు చేసుకోవడం మొదలుపెట్టారు. ఆ పెళ్లిళ్లు చట్టం ముందు చెల్లవని అడ్వకేట్ జనరల్ అభిప్రాయం చెప్పడంతో పుట్టబోయే పిల్లల ఆస్తి హక్కులే ప్రశ్నలో పడ్డాయి. వైస్రాయి కౌన్సిల్‌లో న్యాయ వ్యవహారాలు చూసే హెన్రీ మెయిన్ 1868లో ఒక బిల్లు తెచ్చాడు. తమ మత పద్ధతిలో పెళ్లి వద్దనుకునే ఎవరికైనా వర్తించే విశాలమైన బిల్లు అది. సనాతన హిందువుల నుంచి, రాష్ట్ర ప్రభుత్వాల నుంచి గట్టి వ్యతిరేకత వచ్చింది. మత పద్ధతిని కాదని పెళ్లాడినవాడు కూడా హిందువుగానే ఉండిపోతే కట్టుబాటు ఏం మిగులుతుందన్నది వాళ్ల బెంగ.

దాంతో బిల్లును కుదించి, బ్రహ్మసమాజం వాళ్లకే వర్తించేలా మార్చారు. అప్పుడు అభ్యంతరం ఇంటిలోపలి నుంచే వచ్చింది. దేవేంద్రనాథ్ ఠాకూర్ వర్గమైన ఆది బ్రహ్మసమాజం, మేమూ హిందువులమే, మమ్మల్ని వేరు చేసే చట్టం మాకొద్దంది. చివరికి మెయిన్ తర్వాత ఆ పదవికి వచ్చిన జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ ఒక మధ్యేమార్గం కనిపెట్టాడు. ఈ చట్టం కింద పెళ్లి చేసుకునేవాళ్లు తాము హిందూ, ముస్లిం, క్రైస్తవ, యూదు, పార్సీ, బౌద్ధ, సిక్కు, జైన మతాల్లో దేన్నీ అనుసరించడం లేదని ప్రకటించాలి. అలా 1872 నాటి 3వ చట్టం పుట్టింది. నోటీసు గడువు అందులో 14 రోజులే. అబ్బాయికి కనీస వయసు 18, అమ్మాయికి 14.

నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నిటికన్నా బాధ పెట్టే ఘట్టం ఇదే. ప్రేమించిన మనిషిని పెళ్లాడాలంటే పుట్టిన మతాన్ని కాదనాలని రాజ్యం షరతు పెట్టింది. దేవుణ్ణి నమ్మే మనిషి చేత నమ్మనని సంతకం చేయించింది. ఎవరి నమ్మకాన్నీ నొప్పించకూడదన్న జాగ్రత్త అంతా బయటివాళ్ల కోసం, మూల్యమంతా ఆ జంట మీద. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఈ చట్టం నడిచిన తీరు ఇదే.

చట్టం కోసం పోరాడిన కేశవచంద్ర సేన్ 1878లో తన కూతురిని ఆ చట్టం చెప్పిన 14 ఏళ్లు నిండకముందే కూచ్ బిహార్ మహారాజుకిచ్చి పెళ్లి చేశాడు. అనుచరులు భగ్గుమన్నారు. సమాజం మళ్లీ చీలి సాధారణ బ్రహ్మసమాజం ఏర్పడింది. బ్రహ్మసమాజ ప్రభావం కోస్తా తెలుగు జిల్లాలకూ వచ్చింది. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించేనాటికి వితంతు వివాహ చట్టం వచ్చి పాతికేళ్లు. చట్టం ఉండటం వేరు, దాన్ని వాడుకునే ధైర్యం వేరు.

మతాన్ని కాదనాలన్న షరతు మీద తిరుగుబాటుకు నలభై ఏళ్లు పట్టింది. భూపేంద్రనాథ్ బసు 1911లో సవరణ ప్రయత్నించి ఓడిపోయాడు. 1918లో విఠల్‌భాయ్ పటేల్ కులాంతర వివాహాల బిల్లు తెచ్చాడు, అదీ ముందుకు సాగలేదు. 1923లో హరిసింగ్ గౌర్ కొంతవరకు సాధించాడు. హిందువులు, బౌద్ధులు, సిక్కులు, జైనులు తమలో తాము పెళ్లి చేసుకుంటే మతం వదులుకున్నామని చెప్పనక్కర్లేదు. కానీ బేరం గట్టిదే. అలా పెళ్లాడినవాడు ఉమ్మడి కుటుంబం నుంచి వేరుపడినట్టే లెక్క. దత్తత తీసుకునే హక్కు పోతుంది. అతను ఒక్కడే కొడుకైతే తండ్రి మరొకరిని దత్తత తీసుకోవచ్చు. అంటే కొడుకు బతికుండగానే లేనట్టు. హిందువుకీ ముస్లింకీ, హిందువుకీ క్రైస్తవుడికీ అయితే పాత షరతే కొనసాగింది.

కులం దాటిన పెళ్లికి హిందూ న్యాయంలో చోటు ఉందా లేదా అన్నది స్వాతంత్ర్యం వచ్చేదాకా తేలని ప్రశ్నే. గోరా కూతురు మనోరమ పెళ్లి ఆ కాలంలోదే. నాస్తికుడైన గోరా తన పెద్ద కూతురిని దళిత యువకుడు అర్జునరావుకిచ్చి చేయాలనుకున్నప్పుడు గాంధీ కొంతకాలం ఆగమన్నారు, తర్వాత సేవాగ్రామ్‌లో తానే దగ్గరుండి జరిపిస్తానన్నారు. గోరా నాస్తికత్వాన్ని గౌరవించి ప్రమాణంలో దేవుడి పేరు బదులు సత్యం అనడానికీ ఒప్పుకున్నారు. 1948 జనవరిలో గాంధీ హత్య జరిగింది. మార్చిలో ఆ పెళ్లి సేవాగ్రామ్‌లోనే జరిగింది. మరుసటి ఏడాది, 1949లో, హిందువుల కులాంతర వివాహాలు చెల్లుతాయని కేంద్రం చట్టం చేసింది. కులం సంగతి చట్టంలో అలా తేలింది. మతం సంగతి 1954 దాకా ఆగింది.

1954 చట్టం నిజంగా పెద్ద అడుగు. మతాన్ని కాదనాలన్న షరతు పూర్తిగా పోయింది. ఇద్దరి ఇష్టం మీద విడాకులు తీసుకునే వీలును మొదటి నుంచే ఇచ్చింది, హిందూ వివాహ చట్టంలోకి అది 1976లో గానీ రాలేదు. కానీ ఇంత ముందుచూపున్న చట్టంలోనే నోటీసు గడువు 14 రోజుల నుంచి 30 రోజులకు పెరిగింది. మరో మార్పు అంతగా చర్చకు రాలేదు. 1872 చట్టంలో అభ్యంతరం చెప్పినవాడే సివిల్ కోర్టుకు వెళ్లి దావా వేసుకోవాలి. 1954లో ఆ భారం తీసేసి, విచారణ పనిని వివాహ అధికారికే అప్పగించారు. అభ్యంతరం చెప్పడం తేలికైంది, దాన్ని దాటడం కష్టమైంది. నిజాయితీ లేకుండా అడ్డుపడ్డవాడికి జరిమానా 1872లో వెయ్యి రూపాయలకు మించదు. ఇప్పటికీ గరిష్ఠం ఆ వెయ్యే.

ఉమ్మడి కుటుంబం నుంచి వేరుపడటమన్న 1923 నాటి నియమమూ మిగిలిపోయింది. 1976 సవరణతో ఇద్దరూ హిందువులైతే అది వర్తించదు. మతం దాటిన హిందువులకు మాత్రం ఇప్పటికీ వర్తిస్తుంది.

నోటీసు ఉండాలనే వాళ్ల వాదనలు రెండు రకాలు. పిల్లలు ఎవరిని చేసుకుంటున్నారో తెలుసుకునే హక్కు కన్నవాళ్లకు ఉందన్నది ఒకటి. కన్నవాళ్ల మనసు అర్థం చేసుకోదగ్గదే, కానీ 18 నిండిన అమ్మాయి, 21 నిండిన అబ్బాయి విషయంలో అది చట్టమిచ్చిన హక్కు కాదు. 2018లో, మతం మారి పెళ్లాడిన కేరళ యువతి హాదియా కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చి చెప్పింది. రెండో వాదన బరువైనది. ముందే పెళ్లయినవాడు ఆ విషయం దాచి ఇంకో పెళ్లికి సిద్ధమైతే, మొదటి భార్యకు తెలిసే దారి నోటీసు ఒక్కటే కదా అంటారు. మోసపోయిన ఆడవాళ్ల వైపు నుంచి వచ్చే ప్రశ్న ఇది, కొట్టిపారేయడానికి వీల్లేదు. అయితే హైదరాబాద్‌లో ఒక ఆఫీసు గోడకు అంటించిన కాగితం శ్రీకాకుళంలో ఉన్న భార్యకు ఎలా చేరుతుంది? ఆమెను కాపాడగలిగేది పెళ్లిళ్లన్నిటి రిజిస్ట్రేషన్, వాటిని ఒకదానితో ఒకటి సరిచూసే రికార్డు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లోనే పెళ్లి రిజిస్ట్రేషన్‌ను తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. 2006లో సుప్రీంకోర్టు దేశమంతటా అలా చేయమంది. దాన్ని గట్టిగా అమలు చేస్తే నోటీసు చేయలేని పని అది చేస్తుంది.

పైగా గుడిలో పెళ్లికి, ఆర్యసమాజ్ పెళ్లికి, నిఖాకు 30 రోజుల ప్రభుత్వ నోటీసు లేదు. తమిళనాడు 1967లో ఆత్మగౌరవ వివాహాలను గుర్తించింది. దండలో, ఉంగరాలో మార్చుకుంటే చాలు. అలాంటి పెళ్లికి బహిరంగ ప్రకటన అక్కర్లేదని 2023లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. రెండో పెళ్లి భయం అన్నిచోట్లా ఒకటే అయినప్పుడు, మతం దాటిన జంటకే నోటీసు ఎందుకు?

దీని ఫలితం చేదైనది. మతం మార్చుకోకుండా పెళ్లి చేసుకునే దారి నెల రోజులు, మార్చుకుంటే ఒక్క పూట. ప్రాణభయంతో ఉన్న జంట దేన్ని ఎంచుకుంటుంది? అలా ఇష్టం లేని మతమార్పిడి వైపు జంటలను నెట్టేది ఈ నోటీసే. ఆ మార్పిడిని ఆపుతామంటూ 2020 నుంచి ఉత్తరప్రదేశ్ మొదలుకొని కొన్ని రాష్ట్రాలు చట్టాలు తెచ్చాయి. ఉత్తరప్రదేశ్‌లో మతం మారాలంటే 60 రోజుల ముందు కలెక్టరుకు తెలపాలి. ఇక ఏ దారిలో వెళ్లినా గోడ మీద పేరు తప్పదు. భయం ఊహ కాదని మన ఊళ్లకూ తెలుసు. 2018లో మిర్యాలగూడలో కులం దాటినందుకు, 2022లో హైదరాబాద్ సరూర్‌నగర్‌లో మతం దాటినందుకు అందరి కళ్లముందే ప్రాణాలు తీశారు.

కోర్టులు కొంచెం కొంచెంగా కదిలాయి. నోటీసులను ఇళ్లకు పోస్టులో పంపే పద్ధతి చట్టంలో లేదని, అది ప్రాణాల మీదికి తెస్తుందని 2009లో ఢిల్లీ హైకోర్టు ఆపించింది. ఫొటోలతో సహా వెబ్‌సైటులో పెట్టిన నోటీసులను కొందరు దించుకుని సోషల్ మీడియాలో తిప్పుతున్నారని తెలిసి కేరళ ప్రభుత్వం 2020లో ఆ పద్ధతి మానేసింది. నోటీసు అంటించాలా వద్దా అన్నది జంట ఇష్టమని 2021 జనవరి 12న అలహాబాద్ హైకోర్టు తీర్పిచ్చింది. స్వలింగ వివాహాల కేసు విచారణలో 2023లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఈ నోటీసును గట్టిగానే ప్రశ్నించారు. కానీ ఆ అక్టోబరులో వచ్చిన తీర్పు దీన్ని తేల్చలేదు.

విదేశీయులను పెళ్లాడే మన తెలుగువాళ్లకూ ఈ చట్టంతోనే పని. ఇక్కడ చేసుకుంటే 30 రోజుల నివాసం, ఆపై 30 రోజుల నోటీసు. సెలవు పెట్టి అమెరికా నుంచి వచ్చినవాళ్లకు ఇది పెద్ద టెన్షన్. విదేశంలో మన దౌత్య కార్యాలయంలో చేసుకుందామన్నా 1969 నాటి విదేశీ వివాహ చట్టంలోనూ నోటీసు ఉంది. వాళ్లకు పోయేది సెలవులు, టికెట్ల డబ్బు. ఊరి నుంచి పారిపోయి వచ్చిన జంటకు అంతటితో పోదు.

1954 చట్టంలో 5 నుంచి 10 దాకా ఉన్న సెక్షన్లను మార్చాల్సింది పార్లమెంటు. వయసు, గుర్తింపు, మునుపటి పెళ్లి వివరాలు అధికారి రికార్డుల్లో సరిచూసుకోవాలి. అబద్ధం చెప్పినవాళ్లకు గట్టి శిక్ష ఉండాలి. నోటీసు బోర్డు పోవాలి. ఈలోపు రాష్ట్రాలు చేయగలిగిందీ ఉంది. ఇళ్లకు ఉత్తరాలు వద్దని, పోలీసు ద్వారా వాకబు వద్దని, ఆన్‌లైన్‌లో వివరాలు పెట్టొద్దని, రక్షణ అడిగిన జంట సంగతి అదే రోజు పోలీసులకు తెలిపి భద్రత ఇప్పించాలని సబ్ రిజిస్ట్రార్లకు లిఖితపూర్వకంగా చెప్పొచ్చు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ల శాఖ నుంచి ఒక సర్క్యులర్ చాలు.