పులసకు నిచ్చెన పోలవరంలో, అడ్డం ధవళేశ్వరంలో

గోదావరికి వరద ఎర్రనీరు తగలగానే యానాం రేవులో ఒక్క పులస చేప వేలల్లో పలుకుతుంది. ఆ వెంటే పాత గొడవ లేస్తుంది: ఒకప్పటి చేప ఏమైపోయింది? ఇప్పుడందులోకి పోలవరం చేపల నిచ్చెన, అంటే చేప ఆనకట్ట ఎక్కి దాటేందుకు కట్టిన దారి, కూడా వచ్చి చేరింది.

పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత, ధవళేశ్వరంలో గోదావరికి ఆనకట్ట కట్టించిన కాటన్ దొర కథ ఇక్కడ మళ్లీ చెప్పక్కర్లేదు. 1852 నాటి ఆ ఆనకట్ట రాతికట్ట. పెద్ద వరదొస్తే నీరు దానిమీదుగా పొర్లిపోయేది. అసలు మలుపు దాని స్థానంలో 1982లో పూర్తయిన గేట్ల బ్యారేజీ. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం భాగాలకు కలిపి 175 గేట్లు. చేప దాటగలదా లేదా అన్నది అప్పటిదాకా వరద తేల్చేది, ఇక కాలువల అవసరం తేల్చడం మొదలైంది.

వరదలో గేట్లన్నీ ఎత్తేస్తాం, చేపకు అడ్డేముందని అధికారులంటారు. మట్టం 11.75 అడుగులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చే రోజుల్లో అది నిజమే. కానీ వల వేసేవాళ్లు అడిగేది తిరిగి సముద్రంలోకి దిగే చేపపిల్లల గురించి. సముద్రంలో ఇలసగా ఉన్న చేప ఏటికి ఎదురీది పులసై, తీపి నీటిలో గుడ్లు పెడుతుంది. ఆ పిల్లలు వేలెడంత పెరిగి సముద్రం దారి పట్టేసరికి వరద తీసేసి ఉంటుంది, గేట్లు దిగి ఉంటాయి, నీళ్లు కాలువలకు మళ్లి ఉంటాయి. ఎండాకాలం బ్యారేజీ కింద నిలబడి చూడండి, కనుచూపు మేర ఇసుక తిన్నెలే. నాకైతే పడవ మీదివాళ్ల లెక్కే సరిగ్గా అనిపిస్తుంది.

ఇది ముందు తెలియని సంగతీ కాదు. గంగ మీద 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక, అలహాబాద్ దాకా ఎగబాకే ఇలస అక్కడ దాదాపు కనుమరుగైంది. మన గేట్ల పని అప్పటికింకా నడుస్తూనే ఉంది.

పోలవరం ప్రాజెక్టులో వరద నీరు వదిలే స్పిల్‌వేలో పులస కోసమే నిచ్చెన పెట్టారు. బ్యారక్‌పూర్‌లోని కేంద్ర మత్స్య పరిశోధన సంస్థ సలహా కూడా తీసుకున్నారు. మంచిదే. కాకపోతే పోలవరం ఉన్నది ధవళేశ్వరానికి 42 కిలోమీటర్ల ఎగువన. నిచ్చెన ఎక్కాల్సిన చేప ముందు ఈ గేట్లు దాటాలి కదా.

ఈలోగా ఒడిశా, బెంగాల్ ఇలసలు లారీల్లో దిగుతున్నాయి. సీజన్లో రోడ్డు పక్క ఐసు పెట్టె దగ్గర ఆగి ఎక్కడిదని అడిగితే, మొప్ప ఎత్తి ఎరుపు చూపించి, ‘గోదారిదేనండి, పొద్దున్నే పడింది’ అంటారు.