క్యూ తప్పించే టిక్కెట్టు: మ్యూజియం యాత్రికుల అపోహలు, వాస్తవాలు

విశాఖపట్నం ద్వారకానగర్‌లో మాకు ఒక చిన్న ట్రావెల్స్ కార్యాలయం ఉంది. ఏడాదికి రెండు మూడు బృందాలను ఐరోపా తీసుకువెళ్తాం, వాటి వెంట టూర్ మేనేజరుగా నేనే వెళ్తాను. మాతో వచ్చేవారిలో ఎక్కువమంది స్టీల్ ప్లాంటులోనో, పోర్టులోనో, బడిలోనో ముప్ఫై ఏళ్లు పనిచేసి పదవీ విరమణ పొందినవారు, లేదా పిల్లలకు సెలవులిచ్చినప్పుడు బయలుదేరే కుటుంబాలవారు. ప్రయాణానికి వారం ముందు అందరినీ కార్యాలయానికి పిలిచి కార్యక్రమ పత్రం చేతికిచ్చినప్పుడు, అందులో ‘లూవ్ర్ మ్యూజియం, ప్రయారిటీ ఎంట్రీ’ అన్న వరుస దగ్గర అందరి వేళ్లూ ఆగుతాయి. ఆ మాటకు ఉన్న అర్థం చిన్నది. మనవాళ్లు దానికి ఇచ్చుకునే అర్థం మాత్రం చాలా పెద్దది. ఆ తేడా పారిస్‌లో ఎండలో నిలబడినప్పుడు తెలియడం కంటే ఇక్కడే తెలియడం మేలని ఇది రాస్తున్నాను.

అపోహ: ఈ టిక్కెట్టు ఉంటే అసలు క్యూలో నిలబడనక్కర్లేదు.

వాస్తవం: పెద్ద మ్యూజియంలో ఉండేది ఒక క్యూ కాదు, మూడు. టిక్కెట్టు కొనుక్కునే క్యూ మొదటిది, సంచులూ మనుషులనూ తనిఖీ చేసే క్యూ రెండవది, లోపల పేరుమోసిన బొమ్మ ముందు ఏర్పడే క్యూ మూడవది. ముందస్తు టిక్కెట్టు తప్పించేది మొదటిదాన్ని మాత్రమే. తిరుమలలో మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనానికి వెళ్లినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు. సర్వదర్శనం కంపార్టుమెంట్లలో గంటల తరబడి కూర్చోవడం తప్పుతుంది గాని తనిఖీ తప్పదు, లోపల ‘జరగండి, జరగండి’ అనే మాటా తప్పదు. మా సమావేశంలో ఈ పోలిక చెప్పగానే సగం సందేహాలు వాటంతటవే తీరిపోతాయి.

లూవ్ర్‌లో ఇది ఎలా జరుగుతుందో కొంచెం వివరంగా చెబుతాను. ఐ. ఎం. పెయ్ రూపకల్పన చేసిన గాజు పిరమిడ్ 1989లో సందర్శకులకు ప్రధాన ద్వారమైంది. దాని ముందున్న ఆవరణలో ప్రవేశ సమయాలు రాసిన బోర్డులు ఉంటాయి, మీ టిక్కెట్టు మీద ఏ సమయం ఉందో ఆ బోర్డు వెనక నిలబడాలి. సిబ్బంది ఒకరు సమయం చూసి పంపుతారు. ఆ తరువాత బెల్టు తీయించే, జేబులు ఖాళీ చేయించే తనిఖీ ఉంటుంది. ఎస్కలేటర్ మీద భూగర్భంలోని పెద్ద హాలులోకి దిగాక, దెనో, సుల్లీ, రిషెలియో అనే మూడు విభాగాల్లో ఏదో ఒక దాని ముఖద్వారం దగ్గర టిక్కెట్టు మీది కోడ్‌ను స్కాన్ చేస్తారు. మ్యూజియంలో ప్రవేశించడం అంటే అసలు ఈ చివరి మెట్టు. రద్దీ రోజుల్లో పిరమిడ్ ముందు నుంచి ఇక్కడికి చేరడానికి ముప్పావు గంట పట్టిన సందర్భాలు నాకు ఉన్నాయి.

ఒకసారి బృందంలోని రిటైర్డ్ టీచరు గారు తనిఖీ క్యూలో నిలబడి, “బాబూ, డబ్బు కట్టి టిక్కెట్టు కొన్నాక కూడా మళ్లీ ఈ సోదా ఏమిటి?” అని అడిగారు. సోదాకు కారణం చరిత్రలోనే ఉంది. మోనాలిసా చిత్రాన్ని 1911 ఆగస్టులో ఆ మ్యూజియంలోనే పనిచేసిన విన్సెంజో పెరూజియా దొంగిలించాడు. అది తిరిగి లూవ్ర్ చేరేసరికి 1914 వచ్చింది. 1956లో ఒకడు దాని మీద రాయి విసిరాడు, 2022లో ఒకడు కేకు పూశాడు, 2024 జనవరిలో ఇద్దరు నిరసనకారులు సూప్ చల్లారు. చివరి రెండుసార్లూ అడ్డుగా ఉన్న గాజు కాపాడింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో రెంబ్రాంట్ గీసిన ‘నైట్ వాచ్’ను 1975లో ఒకడు కత్తితో చీల్చాడు. ఇన్ని అనుభవాలు ఉన్నాక, తనిఖీని కూడా తప్పించే టిక్కెట్టును నేను చూసిన ఏ పెద్ద మ్యూజియమూ అమ్మడం లేదు. అమ్ముతామని ఎవరైనా ప్రకటిస్తే వారి మాట నమ్మనక్కర్లేదు.

అపోహ: ఎక్కువ డబ్బు పెడితే ఎక్కువ ప్రాధాన్యం దొరుకుతుంది.

వాస్తవం: దొరకదు. చాలా సందర్భాల్లో ఎక్కువ డబ్బు మధ్యవర్తికి పోతుంది. లూవ్ర్ సొంత వెబ్‌సైటులో సమయంతో సహా కొనే సాధారణ టిక్కెట్టే ముందస్తు ప్రవేశ టిక్కెట్టు, దానికి మించిన ‘ఫాస్ట్ ట్రాక్’ అంటూ వేరే తరగతి లేదు. దాని ధర ఇంతకు ముందు అందరికీ 22 యూరోలు ఉండేది, 2026 జనవరి 14 నుంచి ఐరోపా ఆర్థిక మండలికి బయటి దేశాలవారికి, అంటే మనకు, 32 యూరోలు అయింది. ఫ్లోరెన్స్‌లోని ఉఫిజీ గ్యాలరీలో ముందుగా బుక్ చేసుకుంటే తలకు 4 యూరోలు అదనంగా తీసుకుంటారు, అదీ బహిరంగంగా, రసీదులో చూపించి. ఇదే టిక్కెట్టుకు ‘స్కిప్ ద లైన్’ అని పేరు పెట్టి, ఆడియో గైడు యాప్ ఒకటి తగిలించి, రెట్టింపు ధరకు అమ్మేవారు ఇంటర్నెట్ నిండా ఉన్నారు.

పిల్లల విషయంలో మోసం ఇంకా ఎక్కువ. లూవ్ర్‌లోనూ, ఉఫిజీలోనూ, మాడ్రిడ్‌లోని ప్రాదోలోనూ పద్దెనిమిది ఏళ్లలోపు వారికి, ఏ దేశంవారైనా సరే, ప్రవేశం ఉచితం. లూవ్ర్‌లో మాత్రం వారికి కూడా ఉచిత టిక్కెట్టు మీద సమయం బుక్ చేసుకుని, వయసు రుజువుకు పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోవాలి. ఇది తెలియక ఇద్దరు పిల్లలకు పూర్తి ధర కట్టి వచ్చిన గాజువాక దంపతులు నాకు తెలుసు. మ్యూజియం పాస్ కొన్నవారికి కూడా ఇదే వర్తిస్తుంది. పారిస్ పాస్ చేతిలో ఉన్నా లూవ్ర్‌కు విడిగా సమయం తీసుకోకపోతే బోర్డు వెనక నిలబడే అర్హత రాదు.

నా సొంత పొరపాటు కూడా ఇక్కడే చెప్పుకోవాలి. వృత్తిలోకి వచ్చిన కొత్తలో, ఫ్లోరెన్స్‌కు తేదీలు దొరకక, ఒక మధ్యవర్తి వెబ్‌సైటులో పదకొండు టిక్కెట్లు కొన్నాను. వచ్చింది టిక్కెట్టు కాదు, వోచరు. దాన్ని గ్యాలరీకి రెండు వీధుల అవతల ఒక దుకాణంలాంటి కార్యాలయంలో ఇచ్చి, టిక్కెట్టుగా మార్చుకోవాలని చిన్న అక్షరాలతో రాసి ఉంది. మేము వెళ్లేసరికి తలుపు మూసి ఉంది, అప్పటికే మాలాంటివారు నలభై మంది బయట నిలబడి ఉన్నారు. క్యూ తప్పించే టిక్కెట్టు కోసం గంటన్నర క్యూలో నిలబడ్డాం. బృందంలో ఎవరూ నన్ను ఏమీ అనలేదు, పైగా ఒక పెద్దావిడ సంచిలోంచి తీసి జంతికలు పంచారు. ఏదైనా అని ఉంటే కొంత తేలికపడేవాణ్ని. అప్పటి నుంచి వోచరు అన్న మాట కనిపిస్తే ఆ పేజీ మూసేస్తాను.

అపోహ: సమయం రాసి ఉంది కాబట్టి కాస్త ముందు వెళ్తే ముందే పంపుతారు, కాస్త ఆలస్యమైనా ఫరవాలేదు.

వాస్తవం: ముందు వెళ్తే ఎండలో నిలబడటమే. ఆలస్యమైతే సిబ్బంది దయ. బస్సు ట్రాఫిక్‌లో చిక్కుకుందన్న కారణం మధురవాడ జంక్షన్ దాటి వచ్చిన మనకు అర్థమవుతుంది గాని అక్కడి స్కానర్‌కు అర్థం కాదు. సమయానికి అరగంట ముందు ఆవరణలో ఉండేలా బయలుదేరడం నా పద్ధతి. సమయ నియమం అంతటా రద్దీ కోసమే పెట్టింది కాదని కూడా చెప్పాలి. మిలాన్‌లో లియోనార్డో గోడ మీద వేసిన ‘చివరి విందు’ చిత్రాన్ని చూడటానికి కొద్దిమందిని మాత్రమే పదిహేను నిమిషాల పాటు లోపలికి పంపుతారు. మనుషులతో వచ్చే తేమ, దుమ్ము ఆ రంగుపొరకు హాని చేస్తాయి గనుక, గాలిని శుద్ధి చేసే గదుల గుండా నడిపించి తీసుకువెళ్తారు. అక్కడ మీ పావుగంట పోతే పోయినట్టే.

అపోహ: ప్రాధాన్య ప్రవేశం కాబట్టి మోనాలిసాను దగ్గర నుంచి తీరికగా చూడవచ్చు.

వాస్తవం: ఇక్కడే ఎక్కువమంది నిరాశపడతారు. ఆ చిత్రం 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పాప్లర్ చెక్క పలక. మన ఇంట్లో పటం కట్టించి పెట్టుకునే పెళ్లి ఫోటో కంటే పెద్దదేమీ కాదు. దాని ముందు గాజు, గాజు ముందు అడ్డుకమ్మీ, ఆ కమ్మీ ముందు తాడు కట్టిన వంకర క్యూ ఉంటాయి. మీ వంతు వచ్చాక అర నిమిషం దొరికితే అదృష్టమే, ఆ అర నిమిషమూ ముందున్నవారు పైకెత్తిన ఫోన్ల మధ్య నుంచే. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే బొమ్మ బయటకు వచ్చే సమయానికి గడియారం ముందు చేరే జనాన్ని చూసినవారు ఈ దృశ్యాన్ని ఊహించుకోగలరు. అక్కడ కూడా అదే సమయంలో, పాలరాతి మేలిముసుగులోంచి ముఖం కనిపించే రెబెకా శిల్పం మరో గదిలో ఖాళీగా దొరుకుతుంది.

అందుకే నా బృందానికి ఒకటే మాట చెబుతాను: మోనాలిసాను చూశాక వెనక్కి తిరగండి. అదే గదిలో, సరిగ్గా ఎదుటి గోడ నిండా, పావోలో వెరోనీసే 1562–63లో వెనిస్‌లోని ఒక మఠం భోజనశాల కోసం వేసిన ‘కానా వివాహం’ ఉంది. దాని ఎత్తు ఆరు మీటర్ల డెబ్భై ఏడు సెంటీమీటర్లు, వెడల్పు దాదాపు పది మీటర్లు. నెపోలియన్ సైన్యం 1797లో దాన్ని వెనిస్ నుంచి తరలించింది. దాని ముందు తాడు కట్టిన క్యూ ఉండదు, కదలమనేవారు ఉండరు. క్రిందటిసారి మా బృందంలో వాల్తేరుకు చెందిన ఒక కుటుంబం ఉంది. ఆ ఇంటి పెద్దాయన బొమ్మను చూడగానే, “ఇది యోహాను సువార్తలోని కానా ఊరి పెళ్లి కదండీ, ద్రాక్షారసం అయిపోయింది” అని గుర్తుపట్టి, తనే మిగిలినవారికి కథ చెప్పడం మొదలుపెట్టారు. కుడి పక్కన పసుపు బట్టలు కట్టిన సేవకుడు పెద్ద రాతి బానను వంచుతున్నాడు, నీళ్లు రసంగా మారి కిందికి దూకుతున్నాయి. ఆ చివర ఒక పిల్లి వెల్లకిలా పడుకుని బాన మీద గోళ్లు గీరుతూ ఆడుకుంటోంది. మధ్యలో, యేసు కూర్చున్న చోటికి కింద, వాద్యగాళ్లు. వెనక వసారా మీద వంటవాళ్లు మాంసం కోస్తున్నారు. పెళ్లిళ్లకు క్యాటరింగ్ చేసే ఆయన ఒకరు, ఆ వంటవాళ్ల హడావుడి చూసి, ఇన్ని శతాబ్దాలైనా వంటశాల మారలేదని నవ్వారు. మోనాలిసా దగ్గర అర నిమిషం గడిపినవారు దీని ముందు ఇరవై నిమిషాలు నిలబడ్డారు.

అపోహ: టిక్కెట్టు ఉన్న రోజంతా ఎన్నిసార్లయినా లోపలికీ బయటికీ తిరగవచ్చు, మ్యూజియం మొత్తం చూసేయవచ్చు.

వాస్తవం: లూవ్ర్‌లో ఒకసారి బయటికి వస్తే తిరిగి ప్రవేశం లేదు. ప్రదర్శనలో ఉన్న కళాఖండాలు దాదాపు 35,000, మొత్తం చూడటమన్న మాటే లేదు. దారూ అనే పేరున్న మెట్ల మీద రెక్కల విజయదేవత శిల్పం, సుల్లీలో ‘మిలో’ అనే ద్వీపపు వీనస్ శిల్పం, రిషెలియోలో మనిషి కంటే ఎత్తున్న, బాబిలోన్ రాజు హమ్మురాబీ శిక్షాస్మృతి చెక్కిన నల్లరాయి, దెనోలో మోనాలిసా ఉన్న ఆ గది. వీటి మధ్య నడకే రెండున్నర గంటలు. మోకాళ్ల నొప్పులున్నవారు సిగ్గుపడకుండా ముందే చెప్పాలి, ఎందుకంటే లూవ్ర్ చక్రాల కుర్చీలను ఉచితంగా అరువిస్తుంది. దివ్యాంగులకూ, వారితో ఉండే ఒకరికీ ప్రవేశమే ఉచితం, క్యూలోనూ వారికి ముందు దారి ఇస్తారు. ధ్రువపత్రం ఇంగ్లీషులో ఉన్నది వెంట ఉండాలి. ఈ తరహా సందర్శనలో ప్రాధాన్యం అన్న మాట పూర్తిగా చెల్లేది వీరికే, దాన్ని ఎవరూ అమ్మడం లేదు.

అపోహ: టిక్కెట్టు చేతిలో ఉంటే మ్యూజియం తెరిచే ఉంటుంది.

వాస్తవం: లూవ్ర్‌కు మంగళవారం సెలవు, ఉఫిజీకి సోమవారం సెలవు, వాటికన్ మ్యూజియంలు నెలలో చివరిది తప్ప మిగిలిన ఆదివారాలు మూసే ఉంటాయి. అనుకోని మూసివేతలూ ఉన్నాయి. 2025 జూన్ 16న రద్దీ, సిబ్బంది కొరతలను నిరసిస్తూ లూవ్ర్ ఉద్యోగులు పని ఆపితే, టిక్కెట్లున్నవారు గంటల తరబడి పిరమిడ్ ముందే నిలబడ్డారు. అదే ఏడాది అక్టోబరు 19న పట్టపగలు అపోలో గ్యాలరీలో నగల దొంగతనం జరిగాక కూడా మ్యూజియం మూసివేశారు. అందువల్ల పారిస్‌లో మూడు రోజులుంటే లూవ్ర్‌ను రెండో రోజునే పెడతాను, చివరి రోజున ఎన్నడూ పెట్టను.

సామాను గురించి క్లుప్తంగా చెబుతాను. 55, 35, 20 సెంటీమీటర్లకు మించిన సంచిని లూవ్ర్‌లోకి రానివ్వరు. హోటల్ ఖాళీ చేసిన రోజున సూట్‌కేసుతో నేరుగా వచ్చినవారు, ఎంత ఖరీదైన టిక్కెట్టున్నా, బయటే ఉండిపోతారు. ఫ్లాష్ లేకుండా ఫోటో లూవ్ర్‌లో తీసుకోవచ్చు. ప్రాదోలోనూ, వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్‌లోనూ అసలు తీయకూడదు. వాటికన్‌లో భుజాలూ మోకాళ్లూ కప్పుకోవాలి, ఈ ఒక్క నియమం దగ్గర మన చీరకట్టు, పంజాబీ డ్రెస్సు ఎవరికీ ఇబ్బంది కలిగించలేదు.

చివరిగా, ఉదయం మొదటి సమయమే మంచిదన్న నమ్మకం. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను, అయితే అందరూ అలాగే అనుకుంటారు. బుధ, శుక్రవారాల్లో లూవ్ర్ రాత్రి 9 గంటల వరకు తెరిచి ఉంటుంది, పగటి బృందాలు అప్పటికి హోటళ్లకు వెళ్లిపోతాయి. మనవాళ్ల శరీరానికి అప్పుడు విశాఖలో అర్ధరాత్రి దాటిన సమయం కాబట్టి, పారిస్ చేరిన రోజునే పెట్టకుండా, రెండో రోజు మధ్యాహ్నం పడుకోబెట్టి తీసుకువెళ్తాను. గదులు ఖాళీ చేయించడం మూసే సమయానికి అరగంట ముందే మొదలవుతుంది గనుక, ఏడింటికి కాకుండా సాయంత్రం ఐదున్నరకు టిక్కెట్టు తీసుకుంటున్నాను.