రంగులు కలిపే బ్రష్ గురించి మా పిల్లలకు

చిరంజీవులు పిల్లలందరికీ తాతయ్య దీవెనలు.

మీరు క్రితా అనే బొమ్మలేసే సాఫ్ట్‌వేర్‌లో వేసిన బంగినపల్లి మామిడికాయ బొమ్మ చూశాను. ఆకారం బాగా కుదిరింది. రంగులే, ఏమీ అనుకోకండి, పీచుతో తోమేసినట్టున్నాయి. తొడిమ దగ్గరి ఆకుపచ్చ పసుపులోకి మెల్లగా దిగడం బాగుంది గానీ, కాయ అంచు కూడా కరిగిపోతే ఎలా? రంగులను రుద్ది కలిపే స్మడ్జ్ బ్రష్‌ను వచ్చింది వచ్చినట్టే వాడేశారు. దాన్ని మన పనికి తగ్గట్టు మార్చుకోవాలి.

ముందు కాయ ఉన్న లేయర్ (బొమ్మలోని ఒక పొర) మీద ఆల్ఫా లాక్ పెట్టండి, రంగు కాయ దాటి బయటికి పోదు. తర్వాత ‘బ్లెండర్ బేసిక్’ బ్రష్ తీసుకుని ఎఫ్5 నొక్కండి. తెరుచుకునే పెట్టెలో బోలెడు మీటలుంటాయి, కంగారు పడకండి. అన్నీ మనకక్కర్లేదు.

స్మియరింగ్, డల్లింగ్ అని రెండు పద్ధతులు కనిపిస్తాయి. స్మియరింగ్ బ్రష్ కిందున్న రంగులను ఉన్నవి ఉన్నట్టే పట్టుకుని లాగుతుంది, అందుకే చారలు మిగులుతాయి. జుట్టుకీ గడ్డికీ అది బాగుంటుంది. డల్లింగ్ అక్కడి రంగులను ఒకే రంగుగా చేసి పూస్తుంది. మామిడికాయ నునుపుకి అదే సరి.

స్మడ్జ్ లెంగ్త్ అంటే రంగు ఎంత దూరం సాగాలన్నది. దీన్ని ప్రెషర్‌కి ముడిపెడితే టాబ్లెట్ పెన్ను ఆనించినప్పుడు కొంచెం, గట్టిగా నొక్కితే ఎక్కువ సాగుతుంది. మౌస్‌తో గీసేవాళ్లకు ఆ తేడా తెలియదు, వాళ్లు ఈ మీటను సగానికి తగ్గించుకోవాలి.

అసలు కిటుకంతా కలర్ రేట్‌లో ఉంది, అంటే మీరు ఎంచుకున్న రంగును బ్రష్ ఎంత కలపాలన్నది. వాటర్ కలర్‌లో పసుపూ నీలం కలిపితే ఆకుపచ్చ వస్తుందని మీకు తెలుసు. తెర మీద అలా రాదు. అక్కడ ప్రతి రంగూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుల కలయికే, ఒక్కోటి 0 నుంచి 255 దాకా ఉంటుంది. పసుపంటే ఎరుపు 255, ఆకుపచ్చ 255, నీలం 0. నీలమంటే 0, 0, 255. ఈ రెంటినీ సగం సగం కలిపితే మూడూ 127 దగ్గర ఆగుతాయి. అది అచ్చమైన బూడిద రంగు! మీ కాయ నీడలో మురికి ఎందుకొచ్చిందో ఇప్పుడర్థమైందా? నీలిరంగు నీడను పసుపులోకి రుద్దారు. కలర్ రేట్ ఆపేసి ఉంటే బ్రష్ ఉన్న రంగులనే రుద్దుతుంది. దాన్ని కొద్దిగా, 10 శాతం దగ్గర, తెరిచి మధ్యకు కావలసిన ముదురు పసుపును మీరే ఎంచుకుని పూయండి. మురికి తగ్గుతుంది.

స్పేసింగ్, అంటే బ్రష్ ముద్రల మధ్య ఎడం, తక్కువుంటే పూత నున్నగా వస్తుంది, ఎక్కువైతే ముద్రలు విడివిడిగా కనిపిస్తాయి. మరీ తగ్గించి పెద్ద బ్రష్ వాడితే పాత కంప్యూటర్ మూలుగుతుంది. మాది రోజూ మూలుగుతూనే ఉంటుంది, అది వేరే సంగతి. ఓవర్లే పెడితే బ్రష్ కింది లేయర్ల రంగులను కూడా తీసుకుంటుంది. కింద స్కెచ్ గీతలుంటే అవీ అంటుకుంటాయి, చూసుకోండి.

నచ్చేలా కుదిరాక ‘సేవ్ న్యూ బ్రష్ ప్రీసెట్’ నొక్కి కొత్త పేరుతో దాచుకోండి, పాతది పాడవదు. ఈసారి జేపీజీ వద్దు, లేయర్లు విడిగా ఉండే క్రితా సొంత కేఆర్‌ఏ ఫైలే పంపండి. లేయర్లు తెరిచి చూస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య