మంచుకొండ ఎత్తు ఎవరు కొలిచారు?

చిరంజీవులు బుజ్జికి, చిన్నాకి తాతయ్య ఆశీస్సులు.

"దారే లేనిచోట కొండ ఎత్తు ఎలా తెలిసింది తాతయ్యా? టేపు పట్టుకుని ఎవరెక్కారు?" అని బుజ్జి అడిగింది కదా. ఫోన్‌లో తేలే సంగతి కాదని రాస్తున్నాను.

మీరు అట్లాసులో చూసింది అలాస్కా ఉత్తరాన ఉన్న బ్రూక్స్ పర్వతశ్రేణి. 1906-1914 మధ్య లెఫింగ్‌వెల్ అనే ఆయన కుక్కలబండి మీదా, చిన్న పడవల్లోనూ తిరిగి అక్కడి తీరానికీ కొండలకీ పటాలు గీశాడు. ఉండడానికి పాడైన ఓడ చెక్కలతో గుడిసె వేసుకున్నాడు! తర్వాత అమెరికా సర్వేవాళ్లు పటాలు వేశారు. తంటా అక్కడే వచ్చింది. ఒక పటంలో చాంబర్లిన్ శిఖరం పెద్దది, ఇంకో పటంలో ఇస్టో పెద్దది.

2014లో మ్యాట్ నోలన్ అనే శాస్త్రవేత్త చిన్న విమానానికి కెమెరా బిగించి ఆ కొండల మీద తిరిగాడు.

ఫోటోలో ఎత్తెలా తెలుస్తుందంటారా? రైలు కిటికీ దగ్గర కూర్చోండి. పట్టాల పక్క స్తంభాలు రివ్వున వెనక్కి పోతాయి, దూరపు తాడిచెట్లు తాపీగా జరుగుతాయి. మా చిన్నప్పుడు తుని ప్యాసింజర్‌లో బొగ్గు నుసి కంట్లో పడుతున్నా నేను కిటికీ వదిలేవాణ్ణి కాదు. మా అమ్మ పులిహోర పొట్లం విప్పితేగానీ తల లోపలికి పెట్టేవాణ్ణి కాదు. సరే, ఇప్పుడు విమానమే రైలు, దాని కిటికీ నేల వైపు ఉందనుకోండి. శిఖరం విమానానికి దగ్గర కాబట్టి అది స్తంభం. లోయ తాడిచెట్టు. ఒక ఫోటోకీ తర్వాతి ఫోటోకీ శిఖరం ఎక్కువ జరుగుతుంది, లోయ తక్కువ. రైలు ఏ స్టేషన్ దాటిందో మనకు తెలిసినట్టు, విమానం ఎక్కడుందో జీపీఎస్ చెబుతుంది. మిగతా లెక్కంతా కంప్యూటర్‌దే.

అయినా నమ్మకం కుదరాలిగా? కిట్ డెలారియర్ అనే ఆవిడ జీపీఎస్ మోసుకుని శిఖరం ఎక్కింది. మంచు మీద స్కీయింగ్‌లో ఘనురాలు. ఫోటోల లెక్క ఒక జానెడు అటూ ఇటూగా సరిపోయింది. ఇస్టో 2735.6 మీటర్లు, హబ్లీ అనే ఇంకో శిఖరం 2717.6, చాంబర్లిన్ 2712.3. చాంబర్లిన్ మూడో స్థానానికి దిగింది!

పాత పటాలు వేసినవాళ్లను చూసి నవ్వకండి. వాళ్లకున్న సాధనాలు అవే. పైగా అక్కడ కొన్ని కొండల నెత్తిన హిమానీనదాలున్నాయి. ఆ మంచు కరిగితే కొండ ఎత్తూ మారుతుంది. మళ్లీ మళ్లీ కొలవాల్సిందే.

ఈ ఆదివారం డాబా ఎక్కి, పక్కింటి వాటర్ ట్యాంకూ వెనకాల దూరంగా ఉన్న చెట్టూ కలిసి పడేలా ఒక ఫోటో తీయండి. ఒక అడుగు పక్కకి జరిగి ఇంకోటి తీయండి. ఏది ఎంత జరిగిందో స్కేలుతో కొలిచి నాకు రాయండి.

మీ తాతయ్య