బీటీ పత్తి, బీటీ వంకాయ: అపోహలు - వాస్తవాలు

పత్తి సస్యరక్షణ నా వృత్తి. రైతు సమావేశాల్లో తరచుగా వినిపించే మాటలకు నేనిచ్చే సమాధానాలివి.

అపోహ: పురుగును చంపే బీటీ విషం పశువులనూ మనుషులనూ చంపుతుంది.

వాస్తవం: నేలలో ఉండే బాసిల్లస్ థురింజియెన్సిస్ (క్లుప్తంగా బీటీ) అనే బ్యాక్టీరియా నుంచి తీసుకుని మొక్కలో పెట్టిన జన్యువు తయారుచేసే ప్రొటీన్, గొంగళిపురుగు పేగులోని క్షార వాతావరణంలో కరిగి, అక్కడి కణాలపై ఉండే ప్రత్యేక గ్రాహకాలకు (ఆ ప్రొటీన్ పట్టుకునే చోట్లకు) అతుక్కున్నప్పుడే పేగుకు చిల్లులు పెడుతుంది. మన పేగులో ఆ గ్రాహకాలు లేవు. అయినా 2006లో వరంగల్ ప్రాంతంలో పత్తి చేలో మేసిన గొర్రెలు చనిపోయాయని వచ్చిన ఫిర్యాదు లాంటిది ఎదురైతే, పురుగుమందుల అవశేషాలు, ఆకుల్లోని నైట్రేట్లు వంటి కారణాలన్నిటినీ పరీక్షించి ఫలితాన్ని కాపరికే వివరించాలి. ‘అసాధ్యం’ అన్న ఒక్క మాటతో ఆయన భయం పోదు.

అపోహ: బీటీ విత్తనం దాచుకుంటే మొలకెత్తదు.

వాస్తవం: మొలకెత్తుతుంది. పంట నుంచి దాచిన గింజ మొలకెత్తకుండా జన్యుపరంగా మార్చిన ‘టెర్మినేటర్’ విత్తనాలు ఏ దేశంలోనూ మార్కెట్లోకి రాలేదు. కాకపోతే మన దగ్గరి బీటీ పత్తి దాదాపు అంతా హైబ్రిడ్ (రెండు రకాలను సంకరం చేసిన విత్తనం) కాబట్టి రెండో తరంలో దిగుబడి తగ్గుతుంది.

అపోహ: బీటీ వేస్తే ఇక పురుగు రాదు.

వాస్తవం: రైతుకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసిన అపోహ ఇదే, దీన్ని పెంచి పోషించింది ఈ సాంకేతికతను అతిగా పొగిడినవారే. 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి గానీ, 2006లో వచ్చిన రెండు జన్యువుల బోల్‌గార్డ్-2 గానీ కాయతొలుచు పురుగుల కోసం వచ్చినవే తప్ప, పచ్చదోమ, తెల్లదోమ, తామరపురుగులపై పనిచేయవు. గులాబీరంగు పురుగు ఈ రెండింటినీ తట్టుకునే శక్తి సంపాదించింది. ఆ స్థితిని వాయిదా వేయడానికే 450 గ్రాముల ప్యాకెట్టుతో పాటు 120 గ్రాముల నాన్-బీటీ విత్తనం ఇచ్చేవారు. చేను చుట్టూ వేసిన ఆ వరుసల్లో బతికిన మామూలు పురుగులు, బీటీని తట్టుకున్న పురుగులతో జతకట్టి, ఆ శక్తి వేగంగా వ్యాపించకుండా అడ్డుపడతాయి. ఈ కారణం చెప్పకుండా ప్యాకెట్టు మాత్రమే చేతిలో పెడితే, పురుగు పట్టే మొక్కలకు నేల ఎందుకు వదలాలని రెండెకరాల రైతు అనుకోవడం సహజం. చాలామంది ఆ విత్తనం వేయనేలేదు.

అపోహ: జన్యుమార్పిడి పంటలను వ్యతిరేకించేవారంతా శాస్త్రం తెలియనివారు.

వాస్తవం: 2010 ఫిబ్రవరిలో కేంద్రం బీటీ వంకాయపై మారటోరియం (తాత్కాలిక నిలుపుదల) విధించే ముందు హైదరాబాద్‌తో సహా పలు నగరాల్లో బహిరంగ సంప్రదింపులు జరిగాయి. ఆ చర్చలో శాస్త్రవేత్తలు రెండు వైపులా ఉన్నారు. భద్రతా పరీక్షలు ఎవరు చేశారు, వాటిని స్వతంత్రంగా ఎవరు సరిచూశారు, విత్తనం ధర ఎవరి చేతిలో ఉంటుంది అన్నవి న్యాయమైన ప్రశ్నలే. మరోవైపు, అనుమతి లేని, కలుపుమందును తట్టుకునే పత్తిని కూలి ఖర్చు భరించలేక దొంగచాటుగా కొని వేసే రైతులు తెలుగు రాష్ట్రాల్లో ఉన్నారు. బిల్లు లేని ఆ విత్తనం మొలకెత్తకపోతే పరిహారం అడగడానికి ఏ ఆధారమూ ఉండదు కనుక, లేబుల్, లాట్ నంబరు చూసి, బిల్లు తీసుకున్నాకే ప్యాకెట్టు ఇంటికి తెచ్చుకోమని వారికి చెబుతున్నాను.